పేరు తెలియని పిట్ట

డిసెంబరు రెండో వారం. పొద్దున్న ఆరున్నర. కేబీఆర్ పార్కు గేటు దగ్గర నేనూ మా మనవరాలూ నిలబడ్డాం. నా తలకి మంకీ క్యాపు, దాని చేతిలో ఫోను. చలికాలపు పిట్టల్ని చూద్దామని బయల్దేరాం. కానీ ఈ పార్కులో పిట్టను చూడాలంటే ముందు ఓ నాలుగొందలమంది మనుషుల్ని చూడాలి.

మొదటి మలుపులో ఒకాయన ఫోనుని నోటి ముందు అప్పడంలా పట్టుకుని శంకర్‌పల్లిలో గజం ఎంత పలుకుతోందో అవతలివాడికి చెబుతున్నాడు. ధర ఇద్దరికే కాదు, మా అందరికీ తెలిసిపోయింది. ఇంకో నాలుగడుగులు వేశామో లేదో ఒకావిడ మెడలో వేలాడే ఫోన్లోంచి విష్ణు సహస్రనామం. వెయ్యి నామాల మీద నాకేం ఫిర్యాదు లేదు. ఆ పక్క పొదలో గింజలేరుకుంటున్న కౌజుపిట్ట మాత్రం నూటెనిమిది కూడా వినకుండా తుర్రుమంది. ఆ వెనకాల ఎనిమిదిమంది లాఫింగ్ క్లబ్బు. హా హా హా అని చేతులెత్తి నవ్వుతున్నారు. ఏం చూసి నవ్వుతున్నారని అడిగితే, ఏమీ చూడక్కర్లేదట.

"మొదలెట్టకు తాతయ్యా," అంది మా పిల్ల.

నేనింకా నోరే తెరవలేదు. నా మొహంలో 'మా రోజుల్లో' అని రాసి ఉంటుందట.

సరే, మా రోజుల్లో. నేను గుంటూరు జిల్లా నుంచి ఉద్యోగం పేరు చెప్పి 1974లో ఈ ఊరొచ్చాను. పిట్టల పిచ్చి ఆ తర్వాత ఆరేడేళ్ళకి పట్టుకుంది. అప్పటికి దీనికి కేబీఆర్ అన్న పేరు లేదు. నిజాం మనవడు ముకర్రం జా గారి చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవి, అంతే. ప్యాలెస్ వైపు మమ్మల్ని ఎవరు రానిస్తారు? ఆ చుట్టుపక్కల గుట్టల వెంబడి, సీతాఫలం పొదల్లో, ఒకదానిమీదొకటి పేర్చినట్టుండే గండశిలల మధ్య మేం తిరిగేవాళ్ళం. నారాయణగూడ నుంచి సైకిలు. ఖైరతాబాదు దాకా తొక్కడం, అక్కణ్ణుంచి ఎత్తు రాగానే దిగి తొయ్యడం. పైకి చేరేసరికి స్వెట్టరు నడుముకి కట్టుకునేవాళ్ళం. 1998లో నేషనల్ పార్కు అని ప్రకటించి కాసు బ్రహ్మానందరెడ్డి గారి పేరు పెట్టారు. మూడొందల యాభై ఎకరాల పైచిలుకు మిగిలింది. మిగిలింది అని ఎందుకంటున్నానంటే, చుట్టూ ఉన్న గుట్టలు ఇప్పుడు గుట్టలు కావు, సెల్లార్లు. బండని డైనమైట్ పెట్టి పేల్చి, ఆ గోతిలో కార్లు పెట్టుకుని, ఆ పైన కట్టిన అపార్టుమెంటుకి రాక్ వ్యూ అని పేరు పెట్టుకుంటారు.

మళ్ళీ పిట్టల్లోకొస్తాను. మా గుంపులో ఐదుగురం. ఐదుగురికీ కలిపి ఒక్కటే బైనాక్యులర్. 1982 నుమాయిష్‌లో కొన్నాను, రష్యా సరుకు. ఎనిమిది రెట్లు చూపించేది, మెడకి మాత్రం ఎనభై రెట్ల బరువు. నాలుగొందల యాభై చెప్పాడు, మూడొందల ఎనభైకి దింపాను. ఇంటికెళ్ళాక మా ఆవిడ దింపిన డెబ్భై గురించి ఒక్క మాటా అనలేదు, మిగతా మూడొందల ఎనభై గురించే మాట్లాడింది. ఆ బైనాక్యులర్ చేతులు మారేది. నీ వంతు వచ్చేసరికి పిట్ట ఉండేది కాదు. కనక కంటితోనే చూడ్డం అలవాటైంది. అప్పట్లో తిట్టుకున్నాం గానీ, అంతకన్నా మంచి బడి ఇంకోటి దొరకలేదు.

ఏం చూడాలంటే, ముందు తోక చూడాలి. రంగు తర్వాత. చలికాలం పొద్దున్న మంచులో అన్ని పిట్టలూ మట్టిరంగే. బండ మీద వాలి, వంగి, చలికి వణికినట్టు తోకని టకటకా వణికించిందంటే అది బ్లాక్ రెడ్‌స్టార్ట్, హిమాలయాల అవతల నుంచి వచ్చింది. తోక నిటారుగా ఎత్తిపెట్టి నేలమీద గెంతితే నలంచి, మన ఊరిదే. నీళ్ళ వార నడుస్తూ తోకని కిందికీ పైకీ ఊపుతూనే ఉంటే వాగ్‌టెయిల్. ముళ్ళచెట్టు కొసన పోలీసు కానిస్టేబుల్లా ఒంటరిగా కూర్చుంటే ష్రైక్. కొమ్మ మీంచి గాల్లోకి లేచి ఓ పురుగుని పట్టి మళ్ళీ అదే కొమ్మకి వచ్చిందా, ఫ్లైక్యాచర్. ఆకుల్లో క్షణం కుదురుగా ఉండకపోతే ఆకు వార్బ్లర్. దాన్ని గుర్తుపట్టడం ఇంకో జన్మకి.

ఇది మాకు నేర్పినాయన మా గుంపులో పెద్దవాడు. తపాలా శాఖలో రిటైరై, పిట్టల్లో సర్వీసు మొదలుపెట్టిన మనిషి. మేం ఫలానా పిట్టని చూశామని గంతులేస్తూ చెబితే నిదానంగా ఒక్క ప్రశ్న వేసేవాడు. "పిట్టని చూశావా, పుస్తకంలో చూశావా?" సగం సార్లు పుస్తకంలోనే చూసుండేవాళ్ళం. సలీం అలీ గారి పుస్తకం 1941లో వచ్చింది. మా దగ్గరున్నది ఏడో ఎనిమిదో ముద్రణ, అట్ట ఊడితే గోధుమరంగు కాగితం అంటించాం. ఆ బొమ్మల్లో ఉన్నది కళ్ళకి కట్టేసుకుని కొమ్మ మీద వెతికేవాళ్ళం. ఆయన మాత్రం ముందు నోటుబుక్కులో రాయమనేవాడు. పరిమాణం పిచ్చుకంతా, గోరింకంతా? కన్ను మీద గీత ఉందా? రెక్క మీద పట్టీ? నేలమీదా, మధ్యనా, చిటారునా? ఏమని అరిచింది? అంతా రాశాక పుస్తకం తెరవాలి. తెరిచాక కూడా తేలకపోతే 'తెలియదు' అని రాయాలి. ఊహించి రాయకూడదు. నా 1983 నోటుబుక్కులో చలికాలం నెలలు తిరగేస్తే పేజీకి రెండు 'తెలియదు'లు. అదేం తక్కువతనంగా ఉండేది కాదు. బాకీ చిట్టాలా ఉండేది, ఎప్పుడో తీర్చాలి అని.

ఇప్పుడో? పిట్ట కుయ్యిమన్న మరుక్షణం ఫోను పేరు చెబుతుంది. ఆ మైకుని గాల్లోకి పట్టుకుంటే చాలు, ఒకదాని కింద ఒకటి పేర్లు పడుతుంటాయి, హోటల్లో బిల్లులా. ఇంత పెద్ద అడవిలో, పిల్లలు తల పైకెత్తరు. ఫోను వైపు వంగి పక్షుల్ని చూస్తున్నారు! మా మనవరాలి స్నేహితుడొకడు పోయిన నెల వచ్చాడు, గంటలో ముప్పై నాలుగు జాతులు అన్నాడు. ఎన్ని చూశావురా అంటే, చూసినవి తొమ్మిది, విన్నవి ఇరవై ఐదు అన్నాడు. విన్నది నువ్వా, ఫోనా అని అడిగితే నవ్వాడు. మర్యాదస్థుల పిల్లాడు.

కెమెరాల వాళ్ళ సంగతి చెబితే ఈ వ్యాసం వాళ్ళ సంగతే అయిపోతుంది. అయినా ఒకటి చెప్పాలి. పోయిన జనవరిలో ఇక్కడే, వెదురు పొదల దగ్గర, ఒకాయన పెళ్ళి బాజా బూరంత లెన్సు మూడుకాళ్ళ మీద నిలబెట్టి, పొదలో ఓ చిన్న స్పీకరు పెట్టాడు. అందులోంచి టికెల్స్ బ్లూ ఫ్లైక్యాచర్ పాట. అది ఇక్కడే కాపురముండే పిట్ట. నీలం వీపు, గొంతు కింద నారింజ రంగు, బుల్లి ప్రాణం. తన ఇంట్లోకి ఇంకో మగాడెవడో వచ్చి పాడుతున్నాడని దూసుకొచ్చింది. పొద చుట్టూ తిరిగింది, కొమ్మకీ కొమ్మకీ గెంతింది, తను కూడా పాడింది. శత్రువు ఎక్కడా కనబడడు, పాట మాత్రం ఆగదు. ఇరవై నిమిషాలు. పొద్దున్నే పురుగులేరుకుని ఒంట్లో వేడి పెంచుకోవాల్సిన వేళ అది ఓ డబ్బాతో యుద్ధం చేసింది. ఆయనకి నాలుగొందల ఫొటోలు వచ్చాయట. ఆపండి బాబూ అన్నాను. "మీరు కూడా బర్డరేనా అంకుల్?" అన్నాడు. ఆ మాటకి నేను ఇప్పటికీ జవాబు వెతుక్కుంటున్నాను. మా ముందు తరం వాళ్ళు తుపాకీతో కొట్టేవాళ్ళు. 1931-32లో సలీం అలీ హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేసినప్పుడు కూడా పిట్టల్ని కొట్టి, చర్మం ఒలిచి, దూది కూరి మ్యూజియానికి పంపడమే పద్ధతి. మేం వట్టి చేతులతో వెళ్ళి వట్టి చేతులతో వచ్చాం. మధ్యలో మా ఒక్క తరమే వెర్రిబాగుల తరం.

పేర్ల గొడవ ఒకటి. నేను కష్టపడి బట్టీ పట్టిన ఇంగ్లీషు పేర్లన్నీ ఎవరో కూర్చుని మార్చేశారు. పాత పుస్తకంలో పాలపిట్ట బ్లూ జే, ఇప్పుడు ఇండియన్ రోలర్. జెముడుకాకి క్రో ఫెజంట్, ఇప్పుడు గ్రేటర్ కూకల్. అది పేరు వరకే అయితే సర్దుకుపోదును. రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ అని ఒక చలికాలపు పిట్ట ఉంది. గోధుమరంగు, గుండ్రటి మొహం, తోక పైకి కొట్టినప్పుడల్లా అటూ ఇటూ తెల్లటి మచ్చలు మెరుస్తాయి, ట్ర్‌ర్‌ర్ అని ఎండు కాయ ఊపినట్టు అరుస్తుంది. మగదానికి గొంతు దగ్గర కుంకుమ. దాన్ని గుర్తుపట్టడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది. ఇప్పుడేమంటారంటే అది ఒకటి కాదు, రెండట. రెండోదాని పేరు టైగా ఫ్లైక్యాచర్, సైబీరియా నుంచి వస్తుందట. తేడా ఏమిటి? తోక మొదట్లో పైన కప్పి ఉండే ఈకలు తోకకన్నా నల్లగా ఉన్నాయా, లేదా. ఇరవై అడుగుల ఎత్తున, గానుగచెట్టు నీడలో, అరక్షణం కూర్చునే పిట్టకి తోక మొదలు నలుపెంతో చూడాలట! నా నోటుబుక్కుల్లో అరవైసార్లు రాసుకున్న పిట్ట, నేను ఇంట్లో కాఫీ తాగుతుండగా, నాకు చెప్పాపెట్టకుండా రెండైపోయింది.

ఇంగ్లీషు పేర్లు మారితే మారాయి, తెలుగు పేర్లు ఉన్నవి కూడా పోయాయి. తోకపిగిలి అంటే మా మనవరాలికి తెలియదు, ప్యారడైజ్ ఫ్లైక్యాచర్ అనాలి. పిగిలిపిట్ట అంటే తెలియదు, బుల్బుల్. తీతువు మాత్రం తెలుసు, వాళ్ళ అమ్మమ్మ దాని అరుపు వినగానే తిడుతుంది కనక. ఇదివరకోసారి చాలా గొప్పగా "తాతయ్యా, ఇండియన్ పిట్టా అని ఒకటుంది, చలికాలానికి దక్షిణాదికి వస్తుంది, తొమ్మిది రంగులు" అని చెప్పింది. అమ్మడూ, ఆ 'పిట్టా' ఎక్కడిదే అన్నాను. లాటిన్ అంది. లాటినూ కాదు గ్రీకూ కాదు, మీ నాయనమ్మ వడియాల మీంచి తోలే పిట్టే అది. మన తెలుగు మాటని 1816లో ఓ ఫ్రెంచి పండితుడు ఎత్తుకెళ్ళి, దీర్ఘం తగిలించకుండానే శాస్త్రంలో పెట్టాడు. దీర్ఘం మనవాళ్ళు ఇంగ్లీషు మీడియంలో తగిలించారు. ప్రపంచంలో ఎక్కడ పక్షిశాస్త్రం చదివినా ఆ జాతిని పిట్ట అనే అంటారు, ఒక్క తెలుగుపిల్లలు తప్ప. ఇక్కడి పక్షి ప్రేమికుల సంఘం 1980లో పెట్టారు. వాళ్ళ పత్రికకి పిట్ట అనే పేరు పెట్టుకున్నారు, ఆ మాత్రం పౌరుషం ఉండేది.

చెరువుల సంగతి ఎత్తను. ఎత్తితే బీపీ. అమీన్‌పూర్ చెరువుని 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలం అన్నారు, సంతోషం. మా రోజుల్లో ఏ చెరువుకీ అలాంటి పేరు లేదు, నీళ్ళుండేవి. పావురాల సంగతి మాత్రం వదలను. కూడలి కూడలికీ జొన్నల బస్తాలు, పుణ్యం పేరుతో చల్లడం. మక్కా మసీదు పావురాలంటే తరాలుగా ఉన్నవి, అది వేరు. ఇప్పుడు ప్రతి అపార్టుమెంటు బాత్రూము కిటికీలోనూ పావురం కాపురమే. దానికి భయపడి వల కట్టిస్తారు. వల కట్టించినాయనే పొద్దున్నే కారు ఆపి జొన్నలు చల్లుతాడు! పిచ్చుకలకి ఎవరూ చల్లరు. దేశం మొత్తం మీద పిచ్చుకలు మరీ తగ్గలేదంటారు లెక్కలు చూసినవాళ్ళు, హైదరాబాదులాంటి పెద్ద ఊళ్ళలోనే తగ్గాయట. పెంకుటింటి చూరు పోయాక అది గూడు ఎక్కడ పెట్టుకుంటుంది, అద్దాల గోడకా? పాలపిట్ట మన రాష్ట్రపక్షి. దసరా నాడు చూస్తే మంచిదని పంజరంలో పెట్టి ఇల్లిల్లూ తిప్పి చూపించి డబ్బులు తీసుకునేవాళ్ళని నేను చూశాను. పంజరంలో ఉన్నదాన్ని చూస్తే ఏం మంచి జరుగుతుందో, ముందు దానికి జరగాలిగా. ఒకప్పుడు గచ్చిబౌలి దారిలో ప్రతి నాలుగో తీగ మీద ఉండేది. 2023లో దేశపు పక్షుల నివేదికలో బాగా తగ్గిపోతున్నవాటిలో దాన్నీ చేర్చారు. పెరిగినది నెమలి. ఇక్కడ ఈ పార్కులో నడుస్తుంటే కాళ్ళకి అడ్డం పడతాయి నెమళ్ళు. జనం ఆగి సెల్ఫీ తీసుకుంటారు. దానికి కూడా అలవాటై, ఈ మధ్య అదే ఆగుతోంది.

ఇలా గొణుక్కుంటూ బాట వదలకుండా నడుస్తున్నాం. ఎండ కాస్త పైకొచ్చింది. ఓ మోదుగ చెట్టు దగ్గర మా పిల్ల ఆగి ఫోను పైకెత్తింది. "తాతయ్యా, షిక్రా!" అంది. ఫోను మీద పేరు వెలుగుతోంది. నిజమే, జాలెడేగ అరుపే, కీ కీ కీ. కింద గింజలేరుకుంటున్న గోరింకలు ఒక్కసారిగా లేచిపోయాయి. నేను చెట్టు పైకి చూశాను. చిటారుకొమ్మన చీలిన తోకతో నల్లగా, కాటుకబొట్టులా కూర్చుని ఉంది.

"డేగ ఎక్కడే?"

"లోపలెక్కడో ఉంటుంది, నైన్టీ పర్సెంటు చూపిస్తోంది."

"అది పసులపోలిగాడు. డేగలా అరుస్తోంది, గోరింకల్ని బెదిరించి అవి లేపిన పురుగులు తినడానికి."

నమ్మలేదు. ఉండి చూడమన్నాను. ఆ నల్లపిట్ట కొమ్మ దిగి, గోరింకలు వదిలేసిన చోట వాలి, పురుగుని నోటకరుచుకుని, మళ్ళీ కొమ్మెక్కి, మా కళ్ళముందే నోరు తెరిచి ఇంకోసారి కీ కీ కీ అంది. ఫోను మళ్ళీ షిక్రా అంది. మా పిల్ల నోరు తెరుచుకుని చూసింది, ఫోనుని కాదు, చెట్టుని. నాకెంత సంబరమైందంటే, మంకీ క్యాపు తీసి జేబులో పెట్టుకున్నాను. పోలిగాడు గోరింకల్ని మోసం చేశాడు, ఫోనునీ చేశాడు. మా తపాలా పెద్దాయన ఉండుంటే అడిగేవాడు. "పిట్టని చూశావా, ఫోన్లో చూశావా?" ఆ మాట నేనే అన్నాను, ఆయన గొంతు పెట్టి. ఆ తర్వాత ఓ పావుగంట నన్ను పట్టేవాళ్ళు లేరు.

పావుగంటే.

గుండం దాటి, గండశిలల పక్కన పెద్ద వేపచెట్టు కింద సిమెంటు బల్ల ఉంది. కూర్చున్నాం. ఫ్లాస్కులో కాఫీ పోసుకుంటున్నాను. ఫోను బల్లమీద పడుంది, దాని పని అది చేసుకుంటోంది. గ్రీనిష్ వార్బ్లర్ అని పడింది. కాసేపటికి మళ్ళీ వెలిగింది. మళ్ళీ. మళ్ళీ. నాకేమీ వినబడలేదు. వేపచెట్టులో నిశ్శబ్దం, దూరంగా ట్రాఫిక్కు.

"దీనికి మతి పోయింది. ఇందాక డేగ, ఇప్పుడిది," అన్నాను.

మా పిల్ల నా వైపు అదోలా చూసింది. "తాతయ్యా, అరుస్తోంది కదా. మన నెత్తి మీదే."

"ఎక్కడ?"

"ఇదిగో, ఇప్పుడు. మళ్ళీ ఇప్పుడు."

అది 'ఇప్పుడు' అన్నప్పుడల్లా ఫోను వెలుగుతోంది. నేను తల పక్కకి వంచాను, అరచెయ్యి చెవి వెనక పెట్టుకున్నాను. ఏమీ లేదు. అవునవును, ఇప్పుడు వినబడుతోంది అన్నాను. అబద్ధం. దానికి తెలిసిపోయింది, ఏమీ అనలేదు, కాఫీ మూత మాత్రం అందించింది.

పోయిన వేసవిలో చెవి డాక్టరు గాజుగదిలో కూర్చోబెట్టి బటను నొక్కమన్నాడు. శబ్దం వినబడితే నొక్కాలి. చాలాసేపు నొక్కడానికేమీ దొరకలేదు. బయటికొచ్చాక గ్రాఫు చూపించాడు. మూడువేల హెర్ట్జ్ దాకా గీత బానే నడిచింది, నాలుగువేలు దాటేసరికి నూతిలోకి దిగిపోయింది. వయసండీ, మాటలు వినబడుతున్నాయిగా, కంగారేం లేదు అన్నాడు. మాటలు వినబడుతున్నాయి, అదేగా బాధ. గజం ధరా, సహస్రనామం, లాఫింగ్ క్లబ్బూ అన్నీ ఆ గీత బాగున్న వైపే ఉన్నాయి. ఆకు వార్బ్లర్లు నూతి వైపు.

మా పిల్ల నా సంచిలోంచి పాత నోటుబుక్కు తీసింది. అది చూపిస్తానని తెచ్చింది నేనే, దానికి తోకల పాఠం చెబుదామని. పసుపురంగు పేజీలు తిప్పుకుంటూ పోయి ఓ చోట ఆగింది. 26 జనవరి 1986, ఆదివారం. నాకు ఆ రోజు బాగా గుర్తు, రిపబ్లిక్ డే ఆదివారం పడి ఒక సెలవు తినేసింది, ఆఫీసంతా వారం రోజులు ఏడ్చాం. ఇంకో కారణమూ ఉంది. 1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న కలివికోడి ఆ నెలలోనే కడప జిల్లా లంకమల అడవిలో దొరికింది. ఆ తర్వాత మేం ఐదుగురం పెద్దాయనింటి అరుగు మీద కూర్చుని ఆ ఒక్క పిట్ట గురించి ఎన్ని సాయంత్రాలు మాట్లాడుకున్నామో. అక్కడి ఊళ్ళవాళ్ళకి దాని పేరు తెలుసు, అలవాట్లు తెలుసు. తెలియంది శాస్త్రానికి. అంత పెద్ద పిట్ట దొరికిన నెలలో నేను ఈ గుట్టల్లో వేపచెట్టు కింద నిలబడి వేలెడంత పిట్టకి పేరు పెట్టలేకపోయాను. పేజీలో ఇలా ఉంది:

'పిచ్చుకకన్నా చిన్నది. పది గ్రాములుండదు. పైన పాచిరంగు, కింద మాసిన తెలుపు. కన్ను మీద లేత గీత. రెక్క మీద సన్నటి పట్టీ, ఉన్నట్టూ లేనట్టూ. కుదురు లేదు. చిస్-వీ, చిస్-వీ అని అరుస్తోంది, రెండోది పైకి లేస్తుంది, వెండిగిన్నె అంచుకి గోరు తగిలినట్టు. పొద్దున్నించీ అదే అరుపు, అన్ని చెట్లలోనూ. తెలియదు.'

"తాతయ్యా," అంది, "ఇది అదే." వేలితో పైకి చూపించింది.

"నీకెలా తెలుసు?"

"చిస్-వీ. సరిగ్గా ఇలాగే ఉంది. వెండిగిన్నె అంటే మాత్రం…" అని ఆగి, తల పైకెత్తి, ఈసారి ఫోను చూడకుండా, కళ్ళు మూసుకుని విన్నది. చాలాసేపు విన్నది. "అవును," అంది.

నేను ఆ కొమ్మల్లోకి చూశాను. ఓ ఆకు కదిలింది. దాని పక్క ఆకు కదిలింది. ఆకులాంటిదే ఇంకోటి ఓ పురుగుని పీక్కుని రెమ్మ కిందికి జారి, ఒక్కక్షణం ఎండలోకి వచ్చింది. కన్ను మీద గీత ఉంది. ముక్కు తెరుచుకుని మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది. అరుస్తున్నట్టుంది.

"ఫొటో తీసి ఎక్కించెయ్యనా? నలభై ఏళ్ళ కిందటి రికార్డు," అంది, పేజీ మీద ఫోను పెట్టి.

"ఎక్కించొద్దు. పెన్సిలు తే."

పెన్సిలు దాని దగ్గర లేదు. ఈ కాలం పిల్లల దగ్గర పెన్సిలెందుకుంటుంది? నా చొక్కా జేబులో ఉంది, చెక్కింది, మొండిది. 'తెలియదు' పక్కన ఏం రాయాలా అని ఆలోచిస్తున్నాను. తనే తీసుకుని, ప్రశ్నార్థకం వేసి, దాని పక్కన గ్రీనిష్ వార్బ్లర్ అని ఇంగ్లీషులో రాసింది. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి. మా రోజుల్లో కాపీరైటింగ్ అని ఒక పీరియడు ఉండేదని చెప్పబోయాను.

అంతలో గార్డు వచ్చాడు, పొద్దుటిపూట గడువు అయిపోయిందని. "పెద్దసారూ, టైమైంది, లేవుండ్రి," అని, మేం లేచేలోపే మా పక్కనే నిలబడి ఒక్క ఈల ఊదాడు. నెమలి ఉలిక్కిపడింది. వేపచెట్టు మీంచి పిట్ట ఎగిరిపోయిందని మా మనవరాలు చెప్పింది. ఆ ఈల మాత్రం నాకు భేషుగ్గా వినబడింది.